సున్నం గోడ మీద ముగ్గీగలు

2006 ఫిబ్రవరి, ఆదివారం. లాల్‌ఖదాన్‌లో మా అప్ప ఇంటి పెరటి వంటిల్లు. హాజరైనవారు: అప్ప, నేను, మేనల్లుడు, మేనల్లుడి కూతురు, సీపత్ నుంచి వచ్చిన పెద్దబ్బాయి.

నా డైరీల్లో ఏ పేజీ తెరిచినా ముందు తేదీ, తర్వాత చోటు, ఆ తర్వాత అక్కడున్న మనుషులు, అటుపైన విషయం ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎక్కడైనా బండి పట్టా తప్పితే నలుగురు సూపర్‌వైజర్లం కలిసి వెళ్ళి చూసి కాయితం రాసేవాళ్ళం. ఆ కాయితం నెత్తిన హాజరైనవాళ్ళ పేర్లు రాయకపోతే మర్నాటికల్లా ఒక్కొక్కరూ నేనక్కడ లేనంటే నేనక్కడ లేనని తప్పుకునేవారు. ఆ భయం కొద్దీ పట్టుకున్న అలవాటు తర్వాత్తర్వాత ఇంట్లో బారసాలలకీ పెళ్ళిచూపులకీ కూడా పాకింది. మా ఆవిడ బతికున్న రోజుల్లో, నేను డైరీ తీస్తే చాలు, హాజరు వేయించుకోవడానికి రండర్రా అని అందర్నీ కేకేసి నవ్వేది.

ఈవేళ పొద్దున్న నెహ్రూ నగర్‌లో మేముంటున్న మేడ మీదికి ఆరిన బట్టలు తీయడానికి వెళ్ళాను. ఎవరో కుండీలో వేసి మర్చిపోయిన కొత్తిమీర బాగా ఏపుగా పెరిగి పూతకొచ్చి ఉంది. ఆ తెల్లటి చిన్న చిన్న పూల గుత్తి మీద ఒక ఈగ వాలి ఉంది. వంగి చూద్దామంటే నడుం వంగలేదు గానీ, వీపు మీద నల్లటి చారలూ వెనక బూడిదరంగు గళ్ళూ మాత్రం కళ్ళద్దాల్లోంచి తెలిశాయి. చూసి ఎన్నేళ్ళయిందో. బట్టలు అక్కడే వదిలేసి కిందికి దిగి ఆ సంవత్సరం డైరీ తీశాను. ఆ పేజీలో హాజరు పేర్లు పోగా ఉన్నవి నాలుగైదు ముక్కలు. మిగతాదంతా నా బుర్రలోనే ఉంది, దాన్ని ఇన్నాళ్ళూ మోయడమే అలసటగా ఉంది, అందుకని మన బిలాస్‌పూర్ తెలుగువాళ్ళ ముందు పెడుతున్నాను.

మా తాతల నాడు విజయనగరం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబాల్లో మాదొకటి. మీలో చాలామందికి ఆ క్వార్టర్లూ, ఆ వీధులూ, సాయంత్రం షెడ్ సైరన్ మోగగానే వీధంతా సైకిళ్ళతో నిండిపోవడమూ తెలిసే ఉంటాయి. నేను చేసింది ట్రైన్ ఎగ్జామినర్ పని. బండి వచ్చి ఆగితే వ్యాగన్ల పక్కనే నడుచుకుంటూ చక్రాలూ, బ్రేకులూ, స్ప్రింగులూ చూసుకుంటూ పోవడం. వెంట్రుకంత పగులు కనబడకపోతే ప్రాణాల మీదికొచ్చే పని కాబట్టి జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది. రిటైరయ్యాక అది డైరీ పక్కన చేరింది. ఇల్లు మాత్రం లాల్‌ఖదాన్‌లో, లైను దగ్గర కట్టుకున్నాను. పడుకుంటే గూడ్సు బండ్ల చప్పుడు వినబడాలి, లేకపోతే నిద్ర పట్టదు.

మా ఇంట్లో అక్కని అప్ప అంటాం. మా అప్ప ఇల్లు నా ఇంటికి ఆనుకునే ఉండేది, మధ్యలో గోడ లేదు. బావగారు లోకో డ్రైవరు. ఆయన పోయాక అప్ప కొన్ని నెలలు వంటిల్లు మొహమే చూడలేదు. నేనూ అప్పటికే ఒంటరిని కాబట్టి ఇద్దరం అటుకులూ బిస్కెట్లూ తిని రోజులు గడిపాం. అలాంటి రోజుల్లో ఊరికి దగ్గర్లోనే సీపత్‌లో కరెంటు కర్మాగారం కడుతున్నారని ఎక్కడెక్కడి తెలుగు కుర్రాళ్ళూ కంట్రాక్టర్ల దగ్గర పనికి వచ్చారు. అందులో మా వైపు కుర్రాడొకడు ఎవరి ద్వారానో ఆనవాలు పట్టుకుని వచ్చి, రొట్టె తినలేక చస్తున్నాను అమ్మమ్మా, ఒక్క పూట అన్నం పెట్టమని గుమ్మంలో కూర్చున్నాడు. అప్ప లేచి పొయ్యి వెలిగించింది. ఆ వెలిగించిన పొయ్యి మళ్ళీ ఆరలేదు.

ఒకడు నలుగురయ్యారు, నలుగురు ఇరవై మంది దాకా అయ్యారు. పెరట్లో రేకుల పాక వేయించి దాన్నే వంటిల్లు చేసింది. పొద్దున్నే పప్పూ పులుసూ కూరా అన్నం వండి క్యారేజీల్లో సర్దేది. వీధి మలుపులో కంట్రాక్టరు బస్సు ఆగి హారన్ కొట్టేది, నేను రెండు మూడు విడతలుగా మోసుకెళ్ళి ఎక్కించేవాణ్ణి, సాయంత్రం ఖాళీవి అదే బస్సులో తిరిగొచ్చేవి. కరీంనగర్ వైపు కుర్రాళ్ళకి కారం ఎక్కువ కావాలి, మా వైపు వాళ్ళకి పులుసులో బెల్లం ముక్క పడాలి. అప్పకి అవన్నీ కంఠతా వచ్చు. ఖాళీ క్యారేజీ మూత తెరిచి వాసన చూసి, ఈడికి ఒంట్లో బాగోలేదు, సగం వొదిలీసినాడు అని చెప్పేది, మర్నాడు వాడి గిన్నెలో మిరియాల చారు ఉండేది. నా భోజనమూ ఆ గుండిగలోంచే.

మేనల్లుడికి ఇది నచ్చేది కాదు. వాడు బ్యాంకులో పని చేస్తూ నెహ్రూ నగర్‌లో మూడు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. తల్లి వచ్చి తన దగ్గర ఉండాలని వాడి కోరిక, అందులో తప్పేమీ లేదు. అప్పకి మోకాళ్ళ నొప్పులు, పొగకి కళ్ళు మండి ఎర్రగా ఉండేవి. వచ్చినప్పుడల్లా ఇద్దరికీ ఇదే గొడవ.

"అచ్ఛా అమ్మా, నువ్వు ఇంకా ఎన్నాళ్ళు చేస్తావు? ఒక మాట చెప్పు."

"క్యారేజీలు ఎల్లినన్నాళ్ళూ సేస్తాను. అవి ఆగిపోయిన్నాడు నువ్వు రమ్మన్న చోటికి నోరు మూసుకొని వొస్తాను. సరేనా? ఇంక లేచి అన్నం తిను."

ఆ మాట నా ఎదుటే చాలాసార్లు అంది. అందుకని క్యారేజీలు ఆగడమంటే అప్ప ఆ ఇల్లు వదలడమేనని మా అందరికీ తెలుసు. మూడు గదుల్లో, కోడలి గ్యాసు పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని అప్ప ఊరికే కూర్చోవడం అనేది నా ఊహకి అందేది కాదు.

ఇక ఈగల సంగతి. పాక వెనకాల గిన్నెలు తోమే రాయి, ఆ నీళ్ళు పారే చిన్న కాలవ, దాని పక్కన ఎప్పుడూ ఆరని బురద. ఆ తడికి అప్ప కొత్తిమీర జల్లేది. కోయగా మిగిలింది ముదిరి చలికాలం చివర పూతకొచ్చేది. ధనియాలు ఇంటివే ఉండాలని దాన్ని అలాగే వదిలేది. ఆ పూల మీదికే ఈ ఈగలు వచ్చేవి. చూడగానే ఎవరైనా ఇంటీగలే అనుకుంటారు, పరిమాణం అదే, వాలే తీరు అదే. కొంచెం నిదానించి చూస్తేనే వీపు మీద ఎవరో ఓపిగ్గా కూర్చుని గీసినట్టున్న నలుపూ తెలుపూ చారలు, వెనక భాగంలో గళ్ళు, కొన్నిటికి ఆ గళ్ళ పక్కన పసుపూ కనబడతాయి. అప్ప వాటికి ముగ్గీగలని పేరు పెట్టింది. నేను భూతద్దం పెట్టి ఆమెకి చూపిస్తే, ఓలమ్మ, నా ముగ్గు కంటే దీని ముగ్గే తిన్నగుందిరా అని ముచ్చటపడింది.

ఈగల విషయంలో మన తరం వాళ్ళకి పెద్దగా పట్టింపు లేదు గానీ, అప్పకి ఉండేది. అన్నం మీద ఇంటీగ వాలితే ఆ పిడికెడు అన్నం తీసి కాకికి వేసేది. ముగ్గీగల్ని మాత్రం ఏమీ అనేది కాదు. అవి పాకలోకి వచ్చేవి కావు, గిన్నెల మీద వాలేవి కావు, వాటి లోకం ఆ పూలూ ఆ బురదా, అంతే. నేను సాయంత్రం పూట ఆ రాయి మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు వ్యాగన్లు చూసిన కళ్ళకి ఏదో ఒకటి తేరిపార చూడకపోతే తోచదు. మేనల్లుడి కూతురు అప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. సెలవు రోజుల్లో వచ్చి నా పక్కన చేరేది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. నా డైరీ తెరిచి, తాతయ్యా ఇందులో నా హాజరీ ఎక్కడుంది అని వేలు పెట్టి వెతికేది. ఒకసారి నాలుగు ముగ్గీగల్ని సీసాలో పట్టి, వాళ్ళ మేడమ్‌కి చూపిస్తానని పట్టుకెళ్ళింది.

ఆ ఫిబ్రవరిలోనే సీపత్ కుర్రాళ్ళలో ఒకడికి కామెర్లు వచ్చాయి. పసుపు కళ్ళతో వాణ్ణి రైలెక్కించి ఇంటికి పంపించారు. నీళ్ళ వల్లనో తిండి వల్లనో అని డాక్టరు అన్నాడట. అంతే, నీళ్ళ మాట ఎవరూ తలవలేదు, అనుమానమంతా తిండి మీదికే పోయింది. నాలుగు రోజుల తర్వాత క్యారేజీలు కొన్ని మూత తీయకుండానే తిరిగొచ్చాయి. అప్ప మూతలు తీసి అలాగే చూస్తూ నిలబడిపోయింది, ఎవరి పేరూ ఎత్తలేదు. మర్నాడు కుర్రాళ్ళలో పెద్దవాడు ఫోన్ చేశాడు. కంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే కరీంనగర్ అబ్బాయి, అందరూ వాడి మాట వింటారు. ఆదివారం వచ్చి ఒకసారి వంటిల్లు చూసి పోతాననీ, చూశానని చెబితే పిల్లలకి ధైర్యం వస్తుందనీ చాలా మర్యాదగానే అన్నాడు.

ఫోన్ పెట్టేసి అప్పకి చెప్పాను.

"అయితే ఇన్‌స్పెక్షన్ అన్నమాట" అంది.

ఆ ఒక్క మాటతో మా ఇద్దరిలోనూ ఎక్కడో పడుకుని ఉన్న రైల్వే లేచి కూర్చుంది. మీకు వేరే చెప్పాలా? పైనుంచి ఆఫీసరు వస్తున్నాడంటే స్టేషనులో ఏం జరిగేదో మనం చిన్నప్పటి నుంచీ చూసిన వాళ్ళమే. ప్లాట్‌ఫారం అంచుకి సున్నం, చెట్ల మొదళ్ళకి సున్నం, దారి పక్క ఇటికలకి ఒకటి తెలుపు ఒకటి ఎరుపు, బొగ్గు కుప్పకి కూడా చుట్టూ తెల్లటి గీత. గడ్డి అన్నది కంటికి కనబడకూడదు. వచ్చినాయన చక్రం చూస్తాడో లేదో గానీ సున్నం చూస్తాడు. మా నాన్నగారి క్వార్టర్‌కి ఇంజినీరు వస్తాడంటే అమ్మ రుబ్బురోలుకి కూడా సున్నం కొట్టించిన రోజుంది. శుభ్రమంటే మాకు అదే. అప్ప వంటిల్లు అప్పటికీ శుభ్రంగానే ఉంది, రోజూ కడిగేదే. కానీ పొగకి గోడలు నల్లబడి ఉన్నాయి, ఇన్‌స్పెక్షన్‌కి అవి పనికిరావు.

శనివారం పొద్దున్న మొదలుపెట్టాం. సున్నం నానబెట్టి అందులో నీలిమందు చుక్క కలిపి నేను గోడలకి కొట్టాను. అప్ప ఇటికలకి ఎర్రమన్ను పూసింది. మేనల్లుడు కూతుర్ని స్కూటర్ మీద తీసుకుని వచ్చాడు. తల్లి ఆ పని మానాలని కోరుకునేవాడే, అయినా కాసేపు చూసి, చొక్కా విప్పి బకెట్ అందుకున్నాడు. ఎంతైనా వాడూ రైల్వే క్వార్టర్‌లో పుట్టినవాడే కదా. బురద గుంటలో ఒక గోనెడు పొడి సున్నం పోసి పూడ్చాం. కాలవ పొడుగునా ఫినైలు జల్లాం. చివర అప్ప నడుం మీద చేతులు పెట్టుకుని పెరడంతా ఒకసారి కలియజూసింది. పూతకొచ్చిన కొత్తిమీర ఆ తెలుపూ ఎరుపూ మధ్య చింపిరి జుట్టులా కనబడింది.

"ఇది తీసీండిరా. అడవిలాగుంది."

"మామ్మా, ధనియాలు?" అంది పిల్ల.

"ధనియాలు బజార్లో దొరకవేటి? కొయ్యి కొయ్యి."

మొదలంటా కోసి, వేళ్ళు తవ్వి, నేల చదును చేసి, అంచుకి సున్నం గీత గీశాం. సాయంత్రానికి పెరడు ఎంతటి ఆఫీసరొచ్చినా చెయ్యి కలిపేంత బాగా తయారైంది. తండ్రీ కూతుళ్ళు రాత్రికి అక్కడే ఉండిపోయారు. నిద్రపోయే ముందు అప్ప దాన్ని మరోసారి చూసుకుని, బావగారు ఉంటే ఎంత మురిసిపోదురో అంది.

ఆదివారం పొద్దున్న పులుసు మరుగుతుండగా మొదటి ముగ్గీగ పాకలోకి వచ్చింది. అప్ప విసనకర్రతో తోలింది. అది వెళ్ళి తెల్లటి గోడ మీద వాలింది. దాని వెనక ఇంకొకటి. పూలు లేవు, బురద లేదు, ఆ ఈగలన్నీ వాటి చోటు వెతుక్కుంటూ తిరిగి తిరిగి, తడీ తీపీ వాసన వేసే చోటు ఇదొక్కటే మిగిలింది కాబట్టి ఇందులోకి వచ్చాయి. మేం తోలుతున్న కొద్దీ లేచి మళ్ళీ గోడకే అంటుకుంటున్నాయి. మసి పట్టిన పాత గోడ మీదైతే అవి ఉన్నట్టే తెలిసేది కాదు. ఇప్పుడు కొత్త సున్నం మీద ఒక్కొక్కటీ సిరా చుక్కలా కనబడుతోంది. మేనల్లుడు తువ్వాలు పట్టుకుని కొడుతున్నాడు, అప్ప ఫినైలు తెమ్మంటోంది, వంట దగ్గర ఫినైలేమిటని నేనంటున్నాను. ఆ గందరగోళంలో వీధి గేటు చప్పుడైంది.

పెద్దబ్బాయి చెప్పులు బయటే విడిచి, చేతిలో అరటిపళ్ళతో వచ్చాడు. పెరడు చూశాడు, ఇటికలు చూశాడు. పాక గుమ్మంలో ఆగి లోపలికి చూశాడు. వాడి చూపు పొయ్యి మీదికి పోలేదు, తోమిన గిన్నెల మీదికి పోలేదు. గోడ మీద నిలిచిపోయింది.

"పెద్దమ్మా, గివేంది ఇన్ని ఈగలు?"

అప్ప విసనకర్ర కింద పెట్టేసింది. ఏమని చెబుతుంది? ఇవి రోజూ రావు బాబూ అంటే ఎవరైనా నమ్మే మాటేనా? అయినా అదే అంది. వాడు తలూపాడు. ఆ తలూపడంలో నమ్మకం కంటే జాలి ఎక్కువ ఉంది.

అప్పుడు మేనల్లుడి కూతురు ముందుకొచ్చింది. మూడు రోజుల కిందటే వాళ్ళ మేడమ్ సీసా చూసి చెప్పిందట, నిన్నటి హడావిడిలో ఆ సంగతి దానికి తట్టలేదు. ఇవి ఇంటీగలు కావనీ, వీటి జాతిని గ్రాఫోమయా అంటారనీ, పెద్దవయ్యాక పూల మీద బతుకుతాయనీ, పురుగులుగా ఉన్నప్పుడు బురదలో ఉండి మిగతా ఈగల పురుగుల్ని తినేస్తాయనీ గబగబా చెప్పింది. నా చేతిలో భూతద్దం లాక్కుని వాడికిచ్చింది.

"అన్నయ్యా, మీరే చూడండి, సచ్ మే. ఇంటీగకి వీపు మీద ఇలా ఉండదు. ఇవి ఇక్కడుంటేనే ఆ ఈగలు తక్కువుంటాయి. నిన్న వీళ్ళ ఇల్లు మేమే తీసేశాం, అందుకే లోపలికొచ్చాయి."

వాడు మంచివాడు. అద్దం తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు. చూస్తూ ఉండగానే వాడి మొహం కొంచెం విచ్చుకుంది.

"మంచిగున్నదమ్మా, చీర అంచు లెక్క. నువ్వు చెప్పింది నిజమే, వేరే ఈగనే." అద్దం తిరిగిచ్చి, అప్ప వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నాకు సమజైంది. గని పోరగాండ్లు నన్ను ఏమడుగుతరు? ఈగలున్నయా లేవా అనడుగుతరు. ఉన్నయంటే, ఏ ఈగలని ఎవ్వరడుగరు గదా. నేను అబద్ధం చెప్పలేను."

"నువ్వెందుకు అబద్ధం సెప్పాలి బాబూ" అంది అప్ప.

"వాండ్లు ఇంటికాడ అమ్మలకు ఫోన్లు జేసిన్రు. అమ్మలు బయటి తిండి బంద్ జేయమన్నరు. అమ్మ మాట మీద నేనెట్ల మాట్లాడాలె?"

అప్ప వంగి పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. వాళ్ళ తల్లుల తర్వాత తల్లిలాగా వండి పెట్టాననుకుందేమో, తల్లులే వద్దన్నాక ఇంకేముంది. పిల్ల మళ్ళీ ఏదో అనబోయింది, మేనల్లుడు దాని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. వాడికి కావలసింది ఎవరూ అడక్కుండానే జరిగింది. అయినా వాడి మొహంలో సంతోషం నాకు కనబడలేదు. నేల చూస్తూ వేళ్ళకంటిన సున్నం గీక్కుంటున్నాడు.

"అన్నీ సూసినావు కదా. ఇంక కూకో, అన్నం తిను. నీకు తినడానికి బయ్యం లేదు కదా?"

"బయమేంది పెద్దమ్మా. మూడేండ్ల సంది తింటున్న."

కూర్చున్నాడు. గోడ మీద ఈగలు అలాగే ఉన్నాయి. పప్పు కలుపుకుని, పులుసు పోయించుకుని, రెండోసారి అన్నం అడిగి మరీ తిన్నాడు. అప్ప పక్కన నిలబడి విసురుతూనే ఉంది. వాడి విస్తట్లో ఒక్క ఈగ వాలలేదు. నేను దాన్ని గమనిస్తూ కూర్చున్నాను. ఎందుకు గమనించానో, ఎవరికి చెబుదామనో ఇప్పటికీ తెలియదు. తిని లేచి, అప్ప పాదాలు ముట్టుకుని, రేపటి నుంచి వద్దని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. కొన్ని వారాల తర్వాత తెలిసింది, ఆ కుర్రాళ్ళు అద్దెకుంటున్న ఇంటి నీళ్ళ తొట్టికి మూత లేదట, అందులో ఏదో పడి కుళ్ళిందట. అప్పటికి వాళ్ళంతా వేరే మెస్సుకి అలవాటు పడిపోయారు. ఎవరూ తిరిగి రాలేదు, మేమూ అడగలేదు. అప్ప మాట తప్పే మనిషి కాదు. ఎండలు ముదిరే లోపే నెహ్రూ నగర్ వచ్చేసింది. కొన్నాళ్ళకి నేనూ నా ఇల్లు అమ్ముకుని ఇక్కడే చేరాను. అప్ప ఇప్పుడు లేదు.

ఇప్పుడు ఇళ్ళ కిటికీలకి జాలీలు ఉన్నాయి, ఈగ లోపలికొస్తే బ్యాటుతో చటుక్కున కాల్చేస్తారు, అది ఏ ఈగో చూసే తీరిక ఎవరికీ లేదు, చూడాల్సిన అవసరమూ లేదేమో. కొత్తిమీర కట్టలుగా వస్తుంది, పూసేదాకా ఎవరూ ఉంచరు. ఊరుగాని ఊళ్ళో ఉద్యోగం చేసే పిల్లలకి అన్నం ఫోన్ చేస్తే వస్తుంది, అది ఎవరి చేతిదో వాళ్ళకి తెలియదు, వాళ్ళు సగం వదిలేశారని వండినవాళ్ళకీ తెలియదు. ఇది మంచిదో చెడ్డదో నేను తీర్పు చెప్పను. ముదుసలి మనిషి తెల్లవారకముందే లేచి పొగలో కళ్ళు పాడుచేసుకోవలసిన పని ఇప్పుడు లేదు, అది మేలే. ఆ మేలు జరిగిన మొదటి రోజు మాత్రం నేను దగ్గరుండి చూశాను.

పెద్దబ్బాయి వచ్చి వెళ్ళిన మర్నాడు, సోమవారం. రోజూ వినబడే వేళకే అప్ప పెరటి తలుపు తీసిన చప్పుడు వినబడింది. లేచి వెళ్ళేసరికి స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పొయ్యి వెలిగించకుండా దాని ముందు పీట మీద కూర్చుని ఉంది. వీధి మలుపులో బస్సు హారన్ కొట్టింది. డ్రైవరుకి ఎవరూ చెప్పలేదన్నమాట. నేను చెబుతానని లేచాను గానీ, నువ్వుండు అని తనే మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళింది. దూరం నుంచి చూశాను. డ్రైవరు కిటికీలోంచి వంగి ఏదో అడిగాడు, అప్ప చెయ్యి ఊపి ఏదో చెప్పింది, వాడు తలకి కట్టుకున్న గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. కాసేపటికి బస్సు కదిలింది.

తిరిగొచ్చి చేటలోకి బియ్యం తీసుకుంది. తవ్వతో ఒకటి, రెండు, మూడు పోసి ఆగింది. ఒకటి తిరిగి డబ్బాలో పోసేసింది. ఇంకొకటి పోసేసింది. చేటలో మిగిలినదాన్ని వేళ్ళతో పరిచి, మళ్ళీ కుప్ప చేసి, అటూ ఇటూ చూసింది.

"ఇద్దరు మనుషులకి ఎంత పొయ్యాలిరా?"

నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా ఆ పెద్ద గుండిగ అన్నమే తిన్నవాణ్ణి. నాకూ తెలియదు.